జేబులక్క చూడని జేబు

మా వీధిలో లాండ్రీ నడిపే ఆవిడ, కుర్చీలు అల్లే చూపులేని పెద్దమనిషి గడియారం కాజేసిందనీ, పాలబూత్ ఆవిడ కంట్లో పడేసరికి గత్యంతరం లేక తిరిగి ఇచ్చేసిందనీ ఒక మాట తిరుగుతోంది. అది నా దాకా వచ్చేలోపు నాలుగు సందులు చుట్టి వచ్చింది కాబట్టి దానికి తోకలు కూడా మొలిచాయి. లాండ్రీలో బట్టలుతికే మిషను మనిషిలా మాట్లాడుతుందట. దాంట్లో ఏదో దూరిందట. ఇద్దరు ముగ్గురైతే ఉతకడానికి ఇచ్చిన దుప్పట్లు ఉతక్కుండానే వెనక్కి తెచ్చుకున్నారు.

నా చదువు అయిదో తరగతి దాటలేదు. అయినా వీధిలో జరిగింది జరిగినట్టు తెలుసుకోవడంలో నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ఎవరింట్లో ఏ గిన్నె మీద మూత జారిపడినా నీకు కావాలి అని మా కోడలు దెప్పుతుంది. కావాలి మరి. చప్పుడు విన్నాక పడిందేమిటో తెలియకపోతే నాకు ఆ పూట ముద్ద దిగదు. పైగా ఈ వ్యవహారంలో మొదటి నుంచి చివరి దాకా అక్కడే ఉన్నదాన్ని నేను. అందుకని మిగతా వాళ్లు కాస్త ఊరుకుంటే నేను చెబుతాను.

లాండ్రీ ఆవిడకు ఒక పేరు ఉండే ఉంటుంది. వీధికి మాత్రం ఆవిడ జేబులక్క. కొట్టులోకి ఏ మూట వచ్చినా ముందు బట్టలు లెక్కపెట్టదు, జేబులు చూస్తుంది. ప్యాంటు ముందు జేబులు, వెనక జేబులు, కోటు లోపలి జేబు, పిల్లల నిక్కర్లకు ఉండే బుల్లి జేబులు. చెయ్యి పెట్టి, మూల దాకా వేలితో తడిమి, జేబును నాలుకలా బయటికి లాగి, అప్పుడు గాని బట్టను మిషను వైపు విసరదు. కొట్టు పెట్టకముందు ఆవిడ ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పనిచేసేది. అక్కడ ఎవరి చొక్కాలోనో మరిచిపోయిన ఒక్క పెన్ను గుట్టెడు తెల్ల దుప్పట్లకు నీలంగా మచ్చలు వేసిందట. ఆ రోజు పడ్డ తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయంటుంది.

దొరికినవన్నీ బల్ల మీదున్న బిస్కెట్ల డబ్బాలో పడతాయి. తాళంచెవులు, బస్సు టిక్కెట్లు, దువ్వెనలు, ఒకసారి ఎవరిదో పెట్టుడు పన్ను, ఇంకోసారి ప్రాణంతో ఉన్న మిడత. పన్ను తాలూకు మనిషి వచ్చి తీసుకెళ్లాడు. ఎవరని మాత్రం నన్ను అడక్కండి. అడిగితే చెప్పేస్తాను.

ఇక కుర్చీల మావయ్య. వీధి చివర ఒంటి గదిలో ఉంటాడు. చూపు లేదు గానీ పేము బద్దలు ఆయన వేళ్ల మధ్య పాముల్లా ఆడతాయి. కూలిపోయిన కుర్చీ ఇస్తే కూర్చోడానికి మనసొప్పనంత అందంగా అల్లి ఇస్తాడు. ఆయనకు కూతురొకతి, ఊరికి ఆ పక్కన పై అంతస్తులో కాపురం. మంచి పిల్ల. కాకపోతే తండ్రి ఒంటరిగా ఉండటం ఆమెకు బెంగ. ఈమధ్య ఆయన గొడుగు ఒకచోట, చేతికర్ర ఒకచోట వదిలేసి వచ్చాడు. "నాన్నా, ఇంకొక్క వస్తువు పోగొట్టుకున్నావంటే గదికి తాళం వేసి నిన్ను మా ఇంటికి తీసుకుపోతాను" అని చెప్పేసింది. ఆయన భయమంతా అదే. "వాళ్లింట్లో కుర్చీలన్నీ ప్లాస్టిక్‌వి అక్కగారూ, నేను వెళ్లి ఏం అల్లను?" అని నాతో అన్నాడొకసారి.

ఆ కూతురే కొనిచ్చింది మాట్లాడే గడియారం. గుండ్రంగా అరచేతిలో పట్టేంత ఉంటుంది. నొక్కితే ఒక ఆడమనిషి గొంతు టైమెంతో చెబుతుంది. గంట గంటకూ ఎవరూ అడక్కపోయినా తనే చెబుతుంది. పట్టీ తెగిపోవడంతో ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.

ఆ రోజు నేను మా కిటికీ పరదాల కోసం లాండ్రీలో కూర్చున్నాను. జేబులక్క మావయ్య చొక్కాలో గడియారం పట్టుకుంది. డబ్బాలో వేస్తే తాళంచెవులు తగిలి సాయంత్రం దాకా టైము చెబుతూనే ఉంటుందని, తన ఏప్రన్ జేబులో వేసుకుంది. "నేనే తీసుకెళ్లి ఆయన చేతిలో పెడతాను" అంది. ఇంతలో నీలిమందు సీసా ఒరిగి ఏప్రన్ మీద పడింది. మరక పట్టకముందే ఉతికేద్దామన్న తొందరలో విప్పి మిషనులో పడేసి తలుపు మూసి తిప్పేసింది. వీధి జేబులన్నీ చూసే మనిషి తన జేబు చూసుకోలేదు.

కాసేపటికి మిషను లోపలి నుంచి, బావి అడుగు నుంచి పలికినట్టు ఒక గొంతు, "సమయం పదకొండు గం..." అని ఆగిపోయింది.

జేబులక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. మిషను ఆపింది. ఆ రకం మిషను తలుపు నీళ్లు పూర్తిగా దిగితే గాని తెరుచుకోదు. రెండు చేతులూ అద్దానికి ఆనించి, లోపల తిరిగి తిరిగి నెమ్మదించే ఏప్రన్‌ను చూస్తూ నిలబడింది. తలుపు టక్కుమనగానే లాగి, జేబులోంచి గడియారం తీసి, తువ్వాలుతో తుడిచి నడుం దగ్గర దోపుకుంది. పాలబూత్ ఆవిడ సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ చూసింది అంతవరకే. గొంతు విన్నవాళ్లేమో రోడ్డు మీది జనం. రెండు ముక్కలూ ఎక్కడ అతుక్కున్నాయో మీకు తెలుసు.

"పెద్దమ్మా, బాగుచేయించి నేనే ఇస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు" అంది నాతో. నేను మాటిచ్చాను. నాలాంటి దాని దగ్గర అలాంటి మాట తీసుకోవడం ఎంత పాపమో ఆవిడకు తెలియదు.

ఇద్దరం రిపేరు బాబాయి దగ్గరికి పరిగెత్తాం. ఆయన కొట్టు అలమరంత ఉంటుంది. ఆయన మాటలు అంతకన్నా ఇరుకు.

"దీన్నెవరైనా నొక్కారా?" అన్నాడు.

"నేను నొక్కలేదు బాబాయ్" అంది జేబులక్క.

"నేను నొక్కాను. పలుకుతుందేమో తెలుసుకుందామని" అన్నాను.

"తడిసినదాన్ని నొక్కితే లోపల కాలుతుంది. తెలుసుకోవడం అయిందా?" అని, వెనక మూత విప్పి ముందుగా గుండీ బ్యాటరీ ఊడబెరికాడు.

"బియ్యం డబ్బాలో పెడితే నీళ్లు లాగేస్తాయంటారుగా" అన్నాను.

"వండుతారా? పిండి దూరి గొంతు పూడుకుపోతుంది. నీళ్లు ఇవాళ కాకపోతే రేపు ఆరతాయి పెద్దమ్మగారూ. సబ్బుతోనే చిక్కు, అది ఎండినా లోపలే ఉంటుంది." సన్నటి బ్రష్షు స్పిరిట్‌లో ముంచి లోపలి సర్క్యూట్ పలక మీది గీతలన్నీ తుడిచాడు. ముక్కలన్నీ గుడ్డ మీద పరిచి బల్లఫ్యాను తిప్పాడు.

"ఇస్త్రీపెట్టె పక్కన పెడితే గబుక్కున ఆరిపోదూ?" అంది జేబులక్క.

"ఇది చొక్కా కాదమ్మా. ప్లాస్టిక్ ముద్దయిపోతుంది. వేడి వద్దు, గాలి చాలు."

"బతుకుతుందా బాబాయ్?"

"ఆరాక చెబుతాను."

"ఎప్పటికి ఆరుతుంది?"

"ఆరినప్పుడు."

మర్నాడు మనసాగక మావయ్య గదికి వెళ్లాను. ఊరికే వెళితే బాగోదని మా ఇంట్లో కాస్త వదులైన కుర్చీ ఒకటి మోసుకెళ్లాను. ఆయన పని ముందు పెట్టుకుని కూర్చున్నాడు గానీ చేతులు పని మీద లేవు. చొక్కా జేబు తడుముకుంటాడు, ప్యాంటు జేబులు తడుముకుంటాడు, ఒక బద్ద తీసుకుని పక్కన పెట్టి మళ్లీ చొక్కా జేబు తడుముకుంటాడు.

"టైమెంతయింది అక్కగారూ?"

"ఇందాకే చెప్పాను కదా తమ్ముడూ."

"చెప్పారా?" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. "గడియారం ఎక్కడో జారవిడిచాను. వీధంతా అడిగాను, ఎవరికీ దొరకలేదట."

"చొక్కాలో ఉండిపోయిందేమో. లాండ్రీలో అడగలేదా?" అన్నాను. ఇచ్చిన మాట ఉంది కాబట్టి అంతకు మించి అనలేను.

"అక్కడ అడిగే పనేముంది? చొక్కాలో ఉంటే ఆ అమ్మాయి ఈపాటికి తెచ్చి ఇచ్చేది. ఆవిడ చెయ్యి పడ్డాక జేబులో ఏం మిగులుతుంది? అదొక్కటే నాకు గట్టిగా తెలిసింది. అంటే పోగొట్టింది నేనే." ఖాళీ జేబు మీద చెయ్యి వేసి, "ఎక్కడ పెట్టానో గుర్తుంచుకోలేనివాణ్ణి ఒంటరిగా ఉండి ఏం చేస్తాను? ఆదివారం మా అమ్మాయి వస్తుంది. అది అడగకముందే నేనే చెప్పేస్తాను, వస్తానని. ఈ పేము ఎవరికైనా పనికొస్తుందేమో చూడండి" అన్నాడు.

మూలన తడిపి చుట్టిన పేము చుట్టలు ఎప్పటిలా వరసగా లేవు. ఎవరో పట్టుకెళ్లడానికి వీలుగా తాడుతో కట్టేసి ఉన్నాయి. కుర్చీ అక్కడే వదిలేసి లాండ్రీకి వచ్చి పడ్డాను.

జేబులక్క ఇస్త్రీ చేస్తోంది. నేను ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పాను. "ఆవిడ చెయ్యి పడ్డాక జేబులో ఏం మిగులుతుంది" అన్న దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. చొక్కా మీది నుంచి ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టి, ప్లగ్గు పీకి, వీధిలోకి నడిచింది. వెనక నేను. వెళ్లకేం చేస్తాను?

ఆయన గుమ్మంలోనే నిలబడి గట్టిగా చెప్పేసింది. "మావయ్యా, నీ గడియారం నా దగ్గరే ఉంది."

పాలబూత్ ఆవిడ ఎదురుగుండా పాలు పోస్తోంది. ఆ ఒక్క ముక్కా ఆవిడ చెవిన పడింది. తర్వాతి ముక్కలు వినడానికి ఆగలేదు, నలుగురికీ చెప్పడానికి వెళ్లిపోయింది. తర్వాతి ముక్కలు ఇవీ.

"నీ చొక్కా జేబులోనే ఉంది మావయ్యా. నేనే తీసి నా ఏప్రన్‌లో వేసుకుని, చూసుకోకుండా ఉతికేశాను. రిపేరు బాబాయి దగ్గరుంది. పలుకుతుందో లేదో తెలియదు. పలక్కపోతే అలాంటిదే ఇంకోటి తెచ్చిస్తాను. చెప్పడానికి మొహం చెల్లక నిన్నటి నుంచి దాచాను."

మావయ్య చేతిలో బద్ద పక్కన పెట్టాడు. తిడతాడేమో, తిట్టినా న్యాయమే అనుకున్నాను.

"చొక్కా జేబులోనా?" అన్నాడు.

"అవును మావయ్యా."

"ఎడమ వైపు జేబులో?"

"ఎడమ వైపే."

"నేనెప్పుడూ పెట్టే చోటే?"

"అక్కడే."

"అయితే నేను పోగొట్టుకోలేదు" అన్నాడు. ఆ మాట మెల్లగా, రుచి చూస్తున్నట్టు ఇంకోసారి అన్నాడు. తర్వాత ఒళ్లంతా కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. "నువ్వు ఉతికావా? నువ్వు? అక్కగారూ, విన్నారా? జేబులక్క జేబు చూసుకోలేదంట." నవ్వుతూనే వంగి, పేము చుట్టకు కట్టిన తాడు ముడి వెతికి విప్పాడు. నేను వదిలేసిన కుర్చీని మోకాళ్ల మధ్యకు లాక్కుని, "ఇదేంటి, ఇది బాగానే ఉందిగా, ఎందుకు తెచ్చారు?" అన్నాడు నన్ను. నాకు ప్రాణం లేచొచ్చింది. జేబులక్క గుమ్మం మెట్టు మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

గడియారం పలుకుతుందా లేదా అని ఆయన అడగనే లేదు. ఆ రోజు అది పలక్కపోయినా ఆయనకు ఫరవాలేదని నాకనిపించింది.

పలికింది మాత్రం ఆ మర్నాడే. రిపేరు బాబాయి ముక్కలు బిగించి కొత్త బ్యాటరీ వేసి, నా వైపు చూసి, "ఇప్పుడు నొక్కండి" అన్నాడు. నొక్కాను. గరగరమంది, దగ్గినట్టయింది, మిట్ట మధ్యాహ్నం అర్ధరాత్రి అని చెప్పింది. బాబాయి టైము సరిచేశాడు. గొంతు మాత్రం మునుపటిలా కాలేదు. ముక్కు బిగిసినట్టు, పక్కగదిలోంచి పలికినట్టు ఉంది. "స్పీకరులో కాస్త సబ్బు మిగిలింది. వాడగా వాడగా పోతుందేమో. పోకపోయినా టైముకేం తేడా రాదు" అన్నాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

జేబులక్క దానికి గట్టి గుడ్డ పట్టీ కుట్టి, మావయ్య మణికట్టుకు తనే కట్టింది.

ఆదివారం కూతురు వచ్చింది. అప్పుడు నేను కూడా అక్కడే ఉన్నాను, నా కుర్చీ తెచ్చుకోవాలి కదా. టీ తాగుతుండగా మణికట్టు మీది గొంతు ఎవరూ అడక్కుండానే టైము చెప్పింది.

"దీనికి జలుబు చేసిందేంటి నాన్నా?" అంది కూతురు.

"తలంటు పోశారు" అన్నాడాయన. ఆపైన దాచకుండా అంతా చెప్పాడు, జేబులక్క ఏప్రన్ దగ్గరికి వచ్చేసరికి ఆయనకు మళ్లీ నవ్వాగలేదు. కూతురు కూడా నవ్వింది. తండ్రి వేళ్ల కింద సగం అల్లిన కుర్చీని చాలాసేపు చూసింది. వెళ్లేటప్పుడు, "గొడుగుకు కూడా ఒక పట్టీ కుట్టించు నాన్నా" అని మాత్రం అని ఒక్కతే బస్సెక్కింది. గదికి తాళం పడలేదు.

అయినా ఈలోపు వీధిలో మాట పుట్టేసింది, దుప్పట్లు వెనక్కి వెళ్లిపోయాయి. అదే నాకు మింగుడు పడలేదు. మొన్న లాండ్రీలో ఎవరూ లేనప్పుడు సూటిగా అడిగేశాను.

"ఒక్కరోజు ఓర్చుకుని ఉంటే గడియారం ఎటూ బాగయ్యేది కదే. ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టి ఇచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు, నీ మీద ఈ నింద ఉండేది కాదు. ఆ ఒక్కరోజు ఎందుకు ఆగలేకపోయావు?"

ఆవిడ ఎవరిదో ప్యాంటు జేబును మూల దాకా తడిమి, బయటికి లాగి, దులిపింది.

"ఆ ఒక్కరోజూ ఆయన జేబులు తడుముకుంటూ కూర్చునేవాడు పెద్దమ్మా. జేబులు తడమడం నా పని, ఆయన పని కాదు."