లింగమూర్తి మౌస్ స్వయంవరం

లింగమూర్తి ఏ వస్తువునూ నేరుగా కొనడు. ముందు ఇంటికి తెచ్చుకుంటాడు. వాడతాడు, పక్కింటివాళ్ళ చేత వాడిస్తాడు, వంక పెడతాడు, వెనక్కి ఇచ్చి ఇంకోటి తెచ్చుకుంటాడు. ఇస్త్రీపెట్టె అయినా ఇంటి తాళమైనా ఇదే పద్ధతి. అతను వస్తుంటే షట్టరు దించేద్దామని దుకాణదారులకు ఉంటుంది. కానీ అతను గడపలోనే నిలబడి, "అన్నా, మంచిగున్నవా, బిడ్డ పెండ్లి ఖాయమైందా?" అని అడిగేసరికి వాళ్ళ చేతులే సరుకు కట్టి ఇచ్చేస్తాయి.

ఈ అలవాటు పుట్టింది కొండాపూర్‌లోని వాళ్ళింట్లో. అక్కడ పెళ్ళి అనుకుంటే చాలు, బట్టల షావుకారు చీరల మూట ఇంటికే పంపేవాడు. లింగమూర్తి తల్లి పార్వతమ్మ ఆ చీరలన్నీ మంచం మీద పరిచి, వచ్చిన చుట్టాలందరి భుజాన వేసి చూసి, రెండు ఉంచుకుని మూట తిప్పి పంపేది. అది చూస్తూ పెరిగిన లింగమూర్తి, లోకంలో దుకాణాలన్నీ ఇలాగే నడుస్తాయని గట్టిగా నమ్మాడు. ఎంత గట్టిగా నమ్మాడంటే, సికింద్రాబాదు కంప్యూటర్ షాపులు కూడా చివరికి అలాగే నడవడం మొదలుపెట్టాయి.

"నన్ను చూసెటందుకు గూడ మల్ల మల్ల వచ్చిండు," అనేది అతని భార్య జ్యోత్స్న. "వాపస్ ఇయ్యనిది నన్నొక్కదాన్నే."

హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఆఫీసులో లింగమూర్తి కంప్యూటర్ల బాగోగులు చూసేవాడు. అదే ఆఫీసులో సుష్మ టెస్టరు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మౌస్ నొక్కుతూనే ఉండాలి. ప్రొద్దుటూరు అమ్మాయి. పాకడం నేర్చిన కూతురిని అత్తగారికి అప్పగించి, ఈ మధ్యనే మళ్ళీ పనిలో చేరింది.

చేరిన కొన్నాళ్ళకే కుడి మణికట్టు, బొటనవేలి వైపు, లాగడం మొదలైంది. పాపను మాటిమాటికీ నేల మీది నుంచి ఎత్తుకోవడం వల్ల వచ్చిందనీ, మౌస్ దాన్ని పెంచుతోందనీ, చేతికి విశ్రాంతి కావాలనీ డాక్టరు చెప్పాడు. సుష్మ చదివింది బి.ఎస్సీ. కాబట్టి, మామూలు నొప్పికి కూడా భయంకరమైన కారణాలు ఊహించగలదు. వాటన్నిటికన్నా పెద్ద భయం వేరే ఉంది. త్వరలో విదేశీ క్లయింటు వస్తున్నాడు. అతనికి ప్రోగ్రాం నడిపి చూపించాల్సింది తనే. అది బాగా జరిగితే తర్వాతి పనిలోనూ తన చోటు తనకుంటుంది. చెయ్యి సంగతి తెలిస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అందుకని భర్త వంశీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే లింగమూర్తి, మేనేజరు యజ్ఞనారాయణ ముందు ప్రకటన చేశాడు.

"కాన్ఫరెన్స్ రూముకు కొత్త మౌస్ గావాలన్నరు గద సార్. వైరు లేనిది తెస్త. చిన్నగుండాలె. రోజు పనికి అక్కరకు రావాలె, గేముకు గూడ రావాలె."

"గేమెందుకండీ? క్లయింటు అంతదూరం నుంచి వచ్చి మనతో ఆడతాడా?"

"గేముల నిలబడ్డ మౌస్ ఏడన్నా నిలబడ్తది సార్."

"సరే, రేపటికి కొనేయండి."

ఆఫీసంతా నవ్వింది. యజ్ఞనారాయణ రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చాడు మరి.

మర్నాడు లింగమూర్తి కూరగాయల సంచీ నిండా మౌస్‌లతో దిగాడు. నేరుగా సుష్మ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"సుష్మమ్మా, జర దీన్ని పట్టుకొని చూడు."

"నేనే దొరికినానా అన్నా నీకు? ఇంతమంది ఉండారు."

"వాళ్ళయన్నీ పహిల్వాన్ చేతులు. చిన్న మౌస్‌కు చిన్న చెయ్యే పరీక్ష వెట్టాలె."

పట్టుకుంది. కడుపులో బ్యాటరీలు మోస్తున్న ఆ మౌస్ తూకపురాయిలా ఉంది.

"బరువుందన్నా."

"వాపస్."

ఇంకోటి నొక్కితే గడియ వేసినంత చప్పుడు. వాపస్. ఇంకోటి చూడ్డానికి ముద్దుగానే ఉంది, కానీ తెర మీద బాణం ఈ మూల నుంచి ఆ మూలకు పోవాలంటే బల్ల మొత్తం తుడవాలి. అదీ వాపస్. ఇంకోటి రెండు నిమిషాలు ఊరుకుంటే నిద్రపోయి, తట్టి లేపితే గాని లేవలేదు. దాన్ని చూసి యజ్ఞనారాయణ, "ఇది మా తమ్ముడండీ," అన్నాడు.

ప్రతి మౌస్‌కూ లింగమూర్తి ప్రశ్నలు అడిగేవాడు. వేలు గట్టిగా వత్తాల్సి వచ్చిందా, మణికట్టు ఎంత తిరిగింది, బొటనవేలు ఎక్కడ ఆనింది? సుష్మకు భయమేసేది. ఇంకాస్త తరచి చూస్తే తన చెయ్యి సంగతి పసిగట్టేస్తాడు. అందుకే అన్నిటికీ "బాగుందన్నా" అని చెప్పి వదిలించుకోబోయేది. ఆమె బాగుందన్న వాటిని కూడా అతను వాపస్ చేసేవాడు.

"బాగుందంటి కదన్నా?"

"నోరు బాగుందన్నది. మొఖం అనలే."

సాయంత్రం టీ అయ్యాక గేము పరీక్ష. భూతాలను కాల్చే ఆట అది. ఆ భవనంలో లింగమూర్తి అంత చెడ్డగా ఆడేవాడు లేడు. భూతం పూర్తిగా కనబడకముందే అతను చచ్చిపోయేవాడు.

"మౌస్ మంచిగ లేదు," అని లేచేవాడు.

"ఏ మౌస్‌తో అయినా పోతానే ఉండావు కదన్నా."

"అందుకే గద అన్నీ వాపస్ ఇస్తున్న."

ఇలా ఒక మౌస్ కోసం సికింద్రాబాదు షాపు యజమాని రామచంద్రం దగ్గరున్న సరుకంతా ఆఫీసుకు వచ్చి చూసి వెళ్ళింది. సీతమ్మవారి స్వయంవరానికి కూడా ఇంతమంది రాలేదని యజ్ఞనారాయణ నిట్టూర్చాడు.

క్లయింటు వచ్చే రోజుకు సంచీలో రెండే మిగిలాయి. ఒకే కంపెనీవి, ఒకే రకం, కవల పిల్లల్లా ఉన్నాయి. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నవి.

"రెండూ ఒకటేనండీ, ఏదో ఒకటి ఉంచేయండి," అన్నాడు యజ్ఞనారాయణ.

"చూపుకు ఒకటే సార్. గుణం చూడొద్దా?"

ఒకటి కాన్ఫరెన్స్ రూములో సుష్మకిచ్చి, రెండోది తన గదికి పట్టుకుపోయాడు. రెండు గదుల మధ్య ఉన్నది పల్చటి చెక్క గోడ.

సుష్మ భయపడుతూనే మొదలుపెట్టింది. వేలు ఆనిస్తే చాలు, నొక్కినట్టే. మణికట్టు కదలకుండానే బాణం తెరంతా తిరిగొస్తోంది. నాలుగు పేజీలు తెరిచాక గాని ఆమెకు తట్టలేదు, చెయ్యి నొప్పి పెట్టడం లేదని. గొంతు కూడా స్థిమితపడింది.

ఉన్నట్టుండి బాణం తెర మీద తరిమిన కోడిలా పరుగెత్తసాగింది. క్లయింటు కళ్ళజోడు సవరించుకున్నాడు. యజ్ఞనారాయణ నుదుటి చెమట తుడుచుకున్నాడు. సుష్మకు ఒక్క క్షణం తర్వాత అర్థమైంది. వైరు లేని మౌస్ మాట రేడియోలా గాలిలో వెళ్తుంది. ఒకే రకానివి రెండు దగ్గర దగ్గరగా ఉంటే, ఒకదాని మాట రెండోదాని కంప్యూటరు కూడా వింటుంది.

"సార్," అంది మెల్లగా, "లింగమూర్తన్న పక్కగదిలో గేమాడ్తాండాడు. ఆపమనండి."

యజ్ఞనారాయణ వెళ్ళేసరికి లింగమూర్తి కుర్చీ అంచు మీద ఉన్నాడు. అతని తుపాకీ తనంతట తను తిరుగుతోంది. గోడ అవతల సుష్మ ఒక్కో పేజీ తెరిచినప్పుడల్లా ఇక్కడ ఒక్కో భూతం కూలిపోతోంది.

"జర ఆగున్రి సార్. జిందగీల మొదటిసారి గెలుస్తున్న."

"గెలుస్తోంది మీరు కాదండీ, సుష్మ," అని యజ్ఞనారాయణ మౌస్ లాక్కుని బ్యాటరీలు పీకేశాడు.

బాణం బుద్ధిగా నిలబడింది. మిగతాదంతా సాఫీగా సాగింది. అంత కంగారులోనూ తొణకని ఈ అమ్మాయే తర్వాతి పనికీ కావాలని క్లయింటు అడిగాడు. ఆ మాట యజ్ఞనారాయణ నోట విన్నాక సుష్మ లింగమూర్తికి నాలుగు చీవాట్లు పెట్టడానికి అతని గదికి వెళ్ళింది. అతను బల్ల కింద దూరి వైర్లు సర్దుతున్నాడు. ఫోను మోగింది.

"జర ఎత్తమ్మా," అంది బల్ల కింది గొంతు.

అవతల షాపు రామచంద్రం. "ఎవరు, సారు చెల్లెనా? చెయ్యి ఎట్లున్నదమ్మా? బరువుండొద్దు, గట్టిగ వత్తొద్దు, మణికట్టు తిరగొద్దని సారు మమ్ముల పరేషాన్ జేసిండు. ఈ జత కోసం బొంబాయి దాంక ఫోన్లు గొట్టిన."

సుష్మ ఏదో సమాధానం చెప్పి ఫోను పెట్టేసింది. చీవాట్లు ఎటు పోయాయో తెలియలేదు.

"గేముకని చెప్తివి కదన్నా?"

"గేము మౌస్ అంటే గట్లనే ఉంటది," అన్నాడు లింగమూర్తి తల బయట పెట్టకుండా. "తేలిగ్గ నొక్కుకోవాలె, జర కదిపితే ఈ కొసకెళ్ళి ఆ కొసకు పోవాలె. నీ చెయ్యి నొస్తున్నదని చెప్తే సారు ఇంకొకల్లను కూసోబెడ్తడు. గేమంటే నవ్వి ఊకుంటడు."

"నీకెట్ల తెలిసింది?"

"ఎడమ చేత్తోని టీ కప్పు ఎత్తుతున్నవు. మా పెద్దోడు పుట్టినంక జ్యోత్స్నకు గిట్లనే అయింది. అప్పుడు నాకు సమజ్ గాలే. రుబ్బురోలు మంచిగ లేదేమోనని రోళ్ళు మార్చుకుంట పోయిన."

సుష్మకు ఏడుపు రావలసింది, ఆ రోళ్ళు తలచుకుని నవ్వొచ్చింది.

"మౌస్‌తోని సగమే అయింది," అని బల్ల కింద నుంచి బయటికి వచ్చాడు. "బిడ్డను కిందికెళ్ళే ఎత్తుతున్నవా ఇంకా?"

"కిందనే పడుకోబెడ్తామన్నా. ఎత్తుగా ఉండే ఉయ్యాల ఒకటి కొనాలనుకుంటాండాం."

అనేశాక నాలుక కరుచుకుంది. లింగమూర్తి కళ్ళు అప్పటికే వెలిగిపోయాయి.

"కొనకు," అన్నాడు.

ఆదివారం పొద్దున గచ్చిబౌలిలో సుష్మ వాళ్ళ అద్దె ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. దాని నిండా ఉయ్యాలలు. సరుకుకు కాపలాగా ఉయ్యాలల దుకాణం షావుకారు పుల్లయ్య కూడా దిగాడు. లింగమూర్తి ఒక్కో ఉయ్యాలలో దిండు పెట్టించి, సుష్మ చేత ఎత్తించి, నడుం ఎంత వంగింది, చెయ్యి ఎంత తిరిగింది అని అడిగాడు. తర్వాత పాపను పడుకోబెట్టి చూశారు. పాప దేనిలోనూ నిమిషం ఉండలేదు. కేకలు పెట్టి, చివరికి లింగమూర్తి భుజం మీదికి ఎక్కి, అతని చొక్కా కాలరు గుప్పిట పట్టుకుని నిద్రపోయింది.

లింగమూర్తి స్తంభంలా నిలబడిపోయాడు. ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నాడు. బయట ఆటో అతను విసుగెత్తి హారను మీద చెయ్యి వేయబోతే, వంశీ, షావుకారు పుల్లయ్య ఇద్దరూ ఒక్కసారే పరుగెత్తి ఆ చెయ్యి పట్టుకున్నారు.