అడగని లాయరు

ప్రత్తిపాడు సెంటర్లో ఎరువుల షాపు మేడ మీద ఆఫీసు పెట్టుకున్న లాయరు కరుణాకర్ తండ్రి పాస్టరు. ఎదుటివాళ్ళంతా గొర్రెలేనన్న నమ్మకం అతనికి ఇంట్లోనే అబ్బింది. లా కాలేజీలో అది ఇంకాస్త ముదిరింది. క్లయింటు నోరు తెరిస్తే చాలు, "నీకు తెలీదు, సంతకం పెట్టు" అనేవాడు.

మిరప రైతు యలమందయ్య కూడా పెట్టాడు. తన చేలోకి ట్రాక్టరు దారిని తమ్ముడు వీరబాబు మూసేశాడని కేసు. కరుణాకర్ మాటమాత్రం అడక్కుండా రాజీ కుదిర్చి, కాలవ గట్టు మీదుగా దారి ఇప్పించాడు. ఆ గట్టు మీద సైకిలే కష్టం, ట్రాక్టరు మాట దేవుడెరుగు.

"మీరు లాయరా, మా నాయనా? కేసు నాది. నే చెప్పింది చెయ్యండి!" అని యలమందయ్య మేడ దద్దరిల్లేలా అరిచాడు.

కరుణాకర్‌కి రోషం వచ్చింది. సరే, ఇకనుంచి నేను అద్దె నోరునే అనుకున్నాడు. యలమందయ్య ఊగిపోతూ అన్నదంతా టైపు చేయించి వీరబాబుకి నోటీసు పంపాడు. "మా క్లయింటు తెలియజేయునది ఏమనగా, మీరు దున్నపోతు..."

వారం తిరక్కుండా యలమందయ్య భార్య వెంకటేశ్వరమ్మ మేడెక్కి వచ్చింది. వీరబాబు ఆ నోటీసును టీ కొట్టు దగ్గర అందరికీ చదివి వినిపించాడట. తన కూతురి పెళ్ళికి వీళ్ళను పిలవనన్నాడట.

"ఆయనకి కోపమొస్తే ఎద్దునీ తిడతాడు, దేవుణ్ణీ తిడతాడు. దాన్ని అచ్చేసి పంపుతారా? చదువుకున్నారుగా, వద్దనలేకపోయారా?"

"ఆయనే పంపమన్నాడమ్మా."

"రేపు నన్ను బావిలో తొయ్యమంటాడు. తోస్తారా?"



మర్నాడు కరుణాకర్ బండేసుకుని యలమందయ్య కల్లానికి వెళ్ళాడు. ఎండబోసిన కాయల ఘాటుకు తుమ్ములు ఆగలేదు. ఆ తుమ్ముల మధ్యే అడిగాడు: "అసలు మీకేం కావాలండీ?"

యలమందయ్య తెల్లబోయాడు. "వాడు నా కాళ్ళ మీద పడాలి."

"ఏ జడ్జీ పడెయ్యలేడు."

"అయితే కోతలప్పుడన్నా ట్రాక్టరు పోనివ్వాలి. పిల్లదాని పెళ్ళికి పిలవాలి."

"దారి కోసం మాట్లాడదాం, వినకపోతే కోర్టుంది. పెళ్ళికి పిలిపించే సెక్షను లేదు, అది మీరే అడగాలి. నోటీసుకి తప్పు మాత్రం నేను ఒప్పుకుంటా."

ఇద్దరూ కలిసే వెళ్ళారు. వీరబాబు గుమ్మంలోనే నిలబెట్టి లాయరు మీద తిట్ల దండకం అందుకున్నాడు. అవి నోటీసులోవాటి కన్నా బాగున్నాయని కరుణాకర్ లోలోపల ఒప్పుకున్నాడు. చివరికి కోతలకు దారిచ్చాడు. పెళ్ళికి వదినను పిలిచాడు. అన్నను పిలవలేదు.

యలమందయ్య పిలవని పేరంటానికే వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా, పులిహోర మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.