చాబీ యాడున్నది

నా వేలు స్విచ్ మీద ఉంది. ఇక నొక్కడమే. అప్పుడు వెనక నుంచి ఆడగొంతు అడిగింది.

"చాబీ యాడున్నది?"

"గోడకున్నది" అన్నాను.

అన్న తర్వాత తల తిప్పి గోడ వైపు చూశాను. ఆ గోడ కట్టి రెండు నెలలైంది. సున్నం కూడా వేయని సిమెంటు గోడ. దానికి మేకు లేదు, కొక్కెం లేదు. మెడ ఇంకాస్త ఎడమకు తిప్పితే మిషన్ కనిపించింది. కీ చక్‌లోనే నిలబడి ఉంది.

లేత్ మిషన్ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. ఇనుప కడ్డీని పట్టుకుని గిర్రున తిప్పే ఉక్కు పిడికిలిని చక్ అంటారు. దాన్ని బిగించడానికి అడ్డపిడి ఉన్న జానెడు ఇనుప కీ ఉంటుంది. బిగించగానే కీ తీసేయాలి. తీయడం మరిచి స్విచ్ వేస్తే అది విసిరేసినట్టు ఎగిరి వస్తుంది. ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. నిలబడ్డవాడి మొహం మాత్రం దానికి మూరెడు దూరంలోనే ఉంటుంది.

నాకు ఎడమ కన్ను లేదు. నీటికాసుల జబ్బుతో పోయింది. చక్ ఉండేది మిషన్‌కు ఎడమ కొసన. మిగిలిన ఒక్క కన్నుతో ఈ ముక్క రాయగలుగుతున్నానంటే, అది ఆ ప్రశ్న వల్లే.

దయ్యాల సంగతి నాకు కొత్త కాదు, వాటి మీద నమ్మకం మాత్రం ఏనాడూ లేదు. చాలా ఏళ్లు జిల్లా విలేకరిగా పనిచేశాను. హాస్టల్లో గజ్జెల చప్పుడు అంటే వెళ్లి పైకప్పు ఎక్కి చూశాను, రేకుకు వేలాడే గొలుసు దొరికింది. బావిలో ఏడుపు అంటే వెళ్లాను, పిల్లి దొరికింది. అలాంటి వార్తలు తెచ్చిన కుర్ర విలేకర్లకు నేను చెప్పిన మాట ఒకటే. ముందు గొలుసు వెతుకు, తర్వాత రాయి. ఈసారి ఆ గొలుసు కోసం నేనే వెతికాను. దొరకలేదు.

రిటైరయ్యాక నల్లగొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని ఒక లేత్ మిషన్ పెట్టుకోవాలనుకున్నాను. చేత్తో ఏదైనా చేయాలన్న కోరిక చిన్నప్పటిది. మాది పోచంపల్లి, మగ్గాల ఇల్లు. నాకు నేత రాలేదు, రాత వచ్చింది. మా అక్క పేరు అండాలు, ఆమె ఇప్పటికీ నేస్తుంది. నూలు కండెలు చుట్టే ఆమె చరఖాకు కండె తొడిగే ఇనుప పుల్ల, కదురు, వంగిపోయి, ఒక చేత్తో అదిమి పట్టుకుని ఇంకో చేత్తో తిప్పేది. భుజం పట్టేసేది. కొత్త కదురు నేనే చేసిస్తానని మాటిచ్చాను.

సెకండ్ హ్యాండ్ మిషన్ ఒకటి షాద్‌నగర్‌లో ఉందని తెలిసింది. దాని యజమాని దస్తగిరి అనే టర్నర్. ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని పనిచేసేవాడు. జ్వరమొచ్చి దవాఖానలో చనిపోయి అప్పటికి రెండు నెలలు. వాళ్లు దూదేకులవాళ్లు, ఇంట్లో కూడా తెలుగే మాట్లాడతారు. బేరం చూసింది అతని బావమరిది మస్తాన్.

"మా అక్క బయటికి రాదు సార్. మా దాంట్ల మొగడు పోయినంక నాలుగు నెల్ల పది రోజులు మంది ముంగట్కి రావొద్దు" అన్నాడు.

వంటింటి తెర పక్క నుంచి రెండు చాయ్ గ్లాసులు పట్టుకున్న చెయ్యి వచ్చింది, వెనక్కి వెళ్లింది. ఆ రోజు ఆమెది నేను చూసింది ఆ చెయ్యి ఒక్కటే. గొంతు వినలేదు. ఈ సంగతి తర్వాత నాలో నేను ఎన్నిసార్లు నిలదీసుకున్నానో లెక్కలేదు. వినలేదు.

మిషన్ డీసీఎం వ్యానులో వచ్చింది. నిలబెట్టడానికి యాదగిరి వచ్చాడు. నందికొండలో డ్యాం గేట్ల దగ్గర ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన మనిషి, నాకు పాత స్నేహితుడు. కాంక్రీటు దిమ్మె ఆరేదాకా ఆగి, మిషన్ కాళ్ల కింద సన్నటి రేకు ముక్కలు దోపుతూ రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా రెండు రోజులు కూర్చున్నాం. ఇంటి కరెంటుకు సరిపోయేలా మోటారు మార్చాం. కిరసనాయిలుతో ఏళ్లనాటి జిడ్డు కడిగాం.

"సార్, గిది పెన్ను లెక్క గాదు. తప్పు వడితె కొట్టేసి మల్ల రాసెతందుకు ఉండదు" అన్నాడు యాదగిరి. చక్‌లో కీ వదలొద్దని ఆ రెండు రోజుల్లో పదిసార్లు చెప్పి ఉంటాడు.

ఆ మాట మా ఆవిడ సరోజ విన్నది. ఆ పూట అన్నం వడ్డిస్తూ అంది.

"ఉన్న ఒక్క కన్ను మీ ఒక్కరిది గాదు, నాది గూడ. నేనింట్ల లేనప్పుడు స్విచ్ ఎయ్యనని చెప్పున్రి."

చెప్పాను.

గురువారం పొద్దున ఆమె మొదటి బస్సుకు పోచంపల్లి వెళ్లింది, అక్కను చూడటానికి. సాయంత్రం ఆమె వచ్చేసరికి కదురు చేసి చేతిలో పెడదామని నాకు బుద్ధి పుట్టింది. కడ్డీ చక్‌లో పెట్టాను, బిగించాను. కళ్లద్దాలకు నూనె అంటితే తుడుచుకున్నాను. తుడుచుకునే పనిలో కీ మరిచాను. మిషన్ కాలికి బిగించిన స్విచ్ మీద వేలు పెట్టాను.

గొంతు వినగానే సరోజే అనుకున్నాను. మాట తప్పి దొరికిపోయానన్న సిగ్గుతోనే జవాబు చెప్పాను. ఆ తర్వాతే కీ కనిపించింది.

స్విచ్ మీది నుంచి వేలు తీసి, కీ ఊడదీసి స్టూలు మీద పెట్టాను. ఇల్లంతా తిరిగి చూశాను. ముందు తలుపు లోపల గొళ్లెం వేసి ఉంది. టీవీ బంద్. కుడిపక్క ఖాళీ జాగా. ఎడమపక్క ఇంటివాళ్లు పత్తి ఏరడానికి ఊరికి పోయారు, తాళం ఉంది. సరోజకు ఫోన్ చేశాను. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"ఏమైంది, గొంతు గట్లున్నది?" అంది.

"ఏం లేదు, చేరినవా అని" అన్నాను.

పాత అలవాటు కొద్దీ నోటుబుక్కులో రాసుకున్నాను. గురువారం, పదీ పది. అడిగిన మాట, నేను చెప్పిన మాట. దాని కింద ఇంకోటి రాశాను. మా ఇంట్లో ఆ వస్తువును ఎవరూ చాబీ అనరు. యాదగిరి కీ అన్నాడు, మేమూ కీ అనే నేర్చుకున్నాం. మరి గోడకున్నదని నేనెందుకు అన్నాను? దాని కింద గీత గీశాను.

తొమ్మిది రోజుల తర్వాత మస్తాన్ ఫోన్ చేశాడు. మిషన్ తాలూకు పళ్లచక్రాలు కొన్ని గోనెసంచిలో ఉండిపోయాయట, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆ శనివారమే షాద్‌నగర్ వెళ్లాను. వంద కిలోమీటర్లకు పైనే. దారంతా చెప్పాలా వద్దా అనుకుంటూనే వెళ్లాను, నోటుబుక్కు జేబులోనే ఉంది.

ఈసారి గడువు తీరింది కాబట్టి దస్తగిరి భార్య మాబమ్మ ముందు గదిలోకి వచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చినట్టు పాత మచ్చ.

"మిషన్ నడుస్తాందా అన్నా?"

"నడుస్తున్నది."

"షురూల దగ్గినట్టు జేస్తదా?"

"చేస్తది."

"జర ఆగితె సద్దుకుంటది. గా మనిషి గూడ గంతే. పొద్దుగాల్ల లేవంగనే దగ్గి, ఊరంతటికి జెప్పి, గప్పుడు పనికి దిగెటోడు."

మస్తాన్ నవ్వాడు. "అక్కా, సార్ పేపర్ల పనిచేసిండు. జర సూస్కొని మాట్లాడు."

"దగ్గుతె పేపర్ల ఏస్తరా?" అందామె.

మిషన్ ఉన్న జాగా ఖాళీగా ఉంది. నాలుగు కాళ్ల గుర్తులు నేల మీద నల్లగా ఉన్నాయి. దాని వెనక గోడ ఏళ్లనాటి నూనె పొగకు మసిబారింది. ఆ మసి మధ్యలో ఒక మేకు. మేకు కింద అడ్డపిడి, దాని కింద జానెడు కాడ, అంతమేర గోడ తెల్లగా ఉంది. కొనడానికి వచ్చిన రోజు ఆ మేకును చూశానా? చూసి ఉండొచ్చు. మిషన్ అడ్డం ఉండేది. ఖచ్చితంగా చెప్పలేను.

"గక్కడ ఏముండె?" అని అడిగాను.

"చాబీ" అంది మాబమ్మ.

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆమె తన కనుబొమ్మ మీద వేలు పెట్టుకుంది.

"గిది చాబీ దెబ్బనే. పెండ్లైన కొత్తల చాయ్ పట్కొని వస్తున్న, చక్‌ల చాబీ మర్సి స్విచ్ ఏసిండు. మూడు కుట్లు వడ్డయి. గప్పటి సంది మిషన్ షురూ జేసేముందల్ల నేను వంటింట్లకెంచి అడిగేదాన్ని, తీసినవా అని. తీసిన అనెటోడు. సూడకుంటనే అనెటోడు, నోటికి అలవాటైంది. ఓనాడు తీసిన అన్నడు, నేనొచ్చి సూస్తె గట్లనే ఉన్నది. గందుకె అడుగుడు మార్చిన. చాబీ యాడున్నది అంటె సూడక చెప్పలేడు గద?"

"ఏమనేవాడు?"

జవాబు నాకు తెలుసు. అయినా అడిగాను.

"గోడకున్నది అనెటోడు. ముప్పై ఏండ్లు గదే మాట."

ఇదే అదను, చెబుదామని నోటుబుక్కు మీద చెయ్యి వేశాను. ఆమె తానే అందుకుంది.

"నీకు చెప్తె నవ్వుతవేమో అన్నా. పోయిన బేస్తారం గాదు, దాని ముంగటి బేస్తారం. గాయన పేర్న ఫాతెహా సదివెతందుకు మలీద ముద్దలు పిసుకుతున్న. ముందటర్రల టక్‌మని సప్పుడైంది. చక్ బిగిస్తె గట్లనే అయితది. నా నోట్లకెంచి మాటొచ్చింది, చాబీ యాడున్నది అని. గోడకున్నది అన్నడు."

మస్తాన్ తల వంచుకున్నాడు. ఈ మాట అతను ఇంతకుముందే విన్నట్టుంది.

"ఆ గురువారం ఎన్ని గంటలకు?" అని అడిగాను. అది నా వృత్తి అలవాటు.

"గడియారం సూడలే. పిల్లగాండ్లు బడికి పోయిన్రు. నీళ్ల బండి గింక రాలే."

"బండి పదిన్నరకొస్తది సార్" అన్నాడు మస్తాన్.

"లేచి వచ్చి చూసినవా?"

"లే. సూస్తె ఖాళీ జాగానే ఉంటది గదన్నా. ఎందుకు సూడాలె?"

ఆమే చెప్పుకుపోయింది.

"దవాఖానల మూడు దినాలున్నడు. కండ్లు మూస్కొనే ఉన్నడు. నేను పిలుస్తనే ఉన్న. ఇన్నేండ్లు నేనడిగితె జవాబియ్యని దినం లేదు, గా మూడు దినాలు ఒక్క మాట లేదు. ఏమనకుంటనే పోయిండని కడుపుల ఉండె. అందుకే మిషన్ గూడ ఉంచుకోలే, సప్పుడు లేని మిషన్ ముంగట రొట్టె గొంతు దిగలే. గా బేస్తారం సంది మంచిగున్న. నిద్ర వడ్తాంది."

ఇది విన్నాక నేను అడగాల్సింది కాదు. అయినా అడిగాను.

"ఆయన గొంతేనా?"

"ముప్పై ఏండ్లు విన్న గొంతన్నా. గుర్తు వట్టనా?"

నోటుబుక్కు మీది నుంచి చెయ్యి తీసేశాను. తెలిసిన సంగతి చెప్పకుండా వచ్చిన ఇల్లు నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు, ఇదే మొదటిది. పళ్లచక్రాల సంచి భుజాన వేసుకుని వచ్చేశాను.

సరోజకు మాత్రం ఆ రాత్రే అంతా చెప్పాను. మొదట మాట తప్పినందుకు తిట్టింది. "నేను లేంది సూసి స్విచ్ ఏసిన్రన్న మాట" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తానే సుత్తి తెచ్చి షెడ్డు గోడకు మేకు కొట్టింది. ఇప్పుడు వంటింట్లో నుంచి రోజూ అడుగుతుంది. నేను కీని మేకుకు తగిలించి, చూసి, జవాబు చెబుతాను. అక్క చరఖాకు కొత్త కదురు కుదిరింది. భుజం నొప్పి తగ్గిందట.

మాబమ్మకు చెప్పని ఈ సంగతి రాస్తానంటే, రాయడమూ చెప్పడమే కదా అంది సరోజ. పేర్లు మార్చాను.

నా చెవి భ్రమపడి ఉండొచ్చు. కనబడీ కనబడని మేకు మనసులో ఉండిపోయి నోటికి వచ్చి ఉండొచ్చు. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. కానీ ఆమె వంటింట్లో ఆ ఉదయం వినిపించిన జవాబుకు ఇవేవీ సరిపోవు. ఆ జవాబు ఇచ్చింది నేను. విన్నది దస్తగిరి గొంతు అంటోంది ఆమె. నేను దస్తగిరిని ఎన్నడూ చూడలేదు, అతని మాట వినలేదు.

ఆ శనివారం షాద్‌నగర్ బస్టాండులో మస్తాన్‌ను అడిగాను, బావ గొంతు రికార్డు చేసింది ఏమైనా ఉందా అని. మిషన్ మీద పనిచేస్తుండగా తీసిన వీడియో ఉందన్నాడు. నేను నల్లగొండ చేరకముందే పంపాడు. తెరవకముందే ఫోన్లో కనబడే బొమ్మలో దస్తగిరి వీపు, కుడిచెయ్యి, వెనక గోడ కనిపిస్తున్నాయి. గోడకు చాబీ ఉంది.

వీడియో నలభై సెకన్లు. నేను ఇంకా తెరవలేదు.