ఒద్దు అనే నోరు

సాయంత్రం వంటకని బియ్యం డ్రమ్ము మూత తీస్తే మామిడిపండ్ల వాసన గుప్పున ముఖానికి తగిలింది. మా ఊరు పాల్మాకుల నుంచి అమ్మ పంపిన కాయలను అత్తమ్మ బియ్యంలో మాగవేసింది. "మాటిమాటికి మూత తియ్యకు, వాసన పోతె మాగయి," అని ముందుగదిలోంచి కేకేసింది. మూత వేయకుండా అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసన వెంట కంటికి కనపడని ఒక వాయువు ఉంటుందని, అది కాయ నుంచి కాయకు కబురు మోస్తుందని నాకు చెప్పింది తస్నీమ్ మేడం. రేపు శంషాబాద్‌లోని ఒక జూనియర్ కాలేజీలో నేను డెమో క్లాసు చెప్పాలి. బాగా చెబితే బోటనీ లెక్చరర్ పని నాది. మా పాపకు ఎనిమిదో నెల. ఇంట్లో ఒక్కరూ ఇంకా పొమ్మనలేదు.

డిగ్రీలో మాకు బోటనీ చెప్పిన మేడం రోజూ పాతబస్తీ నుంచి బస్సులో వచ్చేవారు. నల్ల బురఖా కుడి చేతి అంచు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉండేది. ఎయిర్‌పోర్టు దగ్గరే ఉన్న మా కాలేజీ మీదుగా విమానాలు చక్రాలు కనపడేంత కిందికి దిగేవి, కిటికీ రెక్కలు గడగడలాడేవి. మిగతా లెక్చరర్లు గొంతు పెంచేవాళ్లు, లేదంటే ఆ వాక్యాన్ని వదిలేసి ముందుకు పోయేవాళ్లు. మేడం మాత్రం వాక్యం మధ్యలోనే ఆగి, సుద్దముక్క గాలిలో ఎత్తి పట్టుకునేవారు. మోత పోయాక, ఆగిన మాట దగ్గరే అందుకునేవారు. "జర గట్టిగ చెప్పొచ్చు గద మేడం," అని నా పక్కన కూర్చునే రజిత ఒకసారి అడిగింది. "విమానంతోటి కొట్లాటెందుకు బేటా? అది పోతది. మాట మన్దే, ఎక్కడికి పోదు," అన్నారు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు నలుగురిలో నిలబడి మాట్లాడాలంటే భయం. సెమినార్‌లో నా వంతు వచ్చిన రోజు, గైడులో బట్టీపట్టింది గడగడా అప్పజెప్పాను. హార్మోన్ కణానికి ఆజ్ఞ ఇస్తుంది, ఆ ఆజ్ఞతో జన్యువులు పనిచేస్తాయి అన్నాను.

"ఆగు స్వప్నా. ఆజ్ఞ ఇచ్చుడు ఎవరు చూసిన్రు? హార్మోన్ ఏమన్న పోలీసు పటేలా?"

క్లాసంతా నవ్వింది. నేను కూర్చోబోయాను. "కూసోకు. ఇద్దరం కలిసి చెప్దాం," అని మేడం బోర్డు మీద ఒక కణం గీశారు. కాయను తీపి చేసే, మెత్తబరిచే, రంగు మార్చే జన్యువులన్నీ కణం నడుమనున్న కేంద్రకంలో ముందునుంచే ఉన్నాయి. కణంలోపల ఒక పొర మీద ఇథిలీన్ వాయువును పసిగట్టే గ్రాహకాలున్నాయి. వాయువు లేనంతసేపూ అవి ఊరికే ఉండవు, ఒక ఎంజైమును పనిలో పెట్టి దానిచేత వద్దు, వద్దు అనిపిస్తుంటాయి. దాంతో లోపలికి కబురు మోయాల్సిన ప్రోటీను ఆ పొర దగ్గరే ఆగిపోతుంది. వాయువు వచ్చి అంటుకోగానే గ్రాహకం ఊరుకుంటుంది, ఎంజైము నోరు మూతపడుతుంది. అప్పుడు ఆ ప్రోటీను తోక తెగి, తెగిన ముక్క కేంద్రకంలోకి పోతుంది. నిద్రపోతున్న జన్యువులు లేస్తాయి.

"అంటే హార్మోన్ చెయ్యి అని చెప్పలేదా మేడం?" అన్నాను.

"చెప్పలే. ఒద్దు అనే నోరు మూయించింది, గంతే."

"అయితె గా గ్యాస్ మా బాపుకు జర పట్టాలె మేడం," అంది రజిత. మేడం కూడా నవ్వారు. నవ్వి, "ఒద్దు అనేటోడు ఉండాలె బేటా. లేకపోతె పిందెగున్నప్పుడే మాగి కుళ్లిపోతది. కాని ఎల్లకాలం ఉండొద్దు," అన్నారు.

అదే వారం కాలేజీ కరస్పాండెంట్ తలుపు దగ్గర నిలబడి కాసేపు విని, "ఇంత లోతు ఎందుకు మేడం? ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇచ్చేయండి చాలు. వీళ్లంతా రేపు పెళ్లిళ్లు చేసుకుని పోయేవాళ్లేగా," అన్నాడు.

"పెండ్లయినంక మామిడికాయ మాగెయ్యరా సార్?" అన్నారు మేడం, బోర్డు వైపు నుంచి తిరక్కుండానే.

ఆయన ముఖం ఎర్రబడింది. కొద్దిరోజులకే మా ల్యాబు కంప్యూటర్ గది అయింది. మరునాడే మేడం రెండు స్టీలు టిఫిన్ డబ్బాల్లో తడిబట్ట పరిచి పెసలు చల్లారు. ఒకదాంట్లో మాగిన అరటిపండు ముక్క పెట్టారు. రెండూ మూతలేసి చీకట్లో ఉంచారు. మొలకలు వచ్చాక తీసి చూస్తే, ఒట్టి డబ్బాలోవి పొడుగ్గా, సన్నగా, దారాల్లా ఉన్నాయి. పండు పెట్టిన డబ్బాలోవి పొట్టిగా, లావుగా పెరిగి, తలలు కొక్కెంలా వంచుకున్నాయి.

"దీనికి సిగ్గెక్కువున్నట్టుంది, తల దించుకున్నది," అంది రజిత.

"సిగ్గు కాదు. మట్టి కింద మొలకకు పైన రాయి అడ్డమొస్తె గీ గ్యాస్‌ను అదే తయారు చేస్కుంటది. లేత మొన నలగకుండ కిందికి దాచుకుంటది. వంచిన మెడతోటి మట్టిని నెడతది. తల వంచిందని ఓడిందనుకునేరు."

ఆ ఏడాదితో మా బోటనీ గ్రూపు ఎత్తేశారు. గది వేరేవాళ్లకు ఇచ్చేస్తే మేడం ఆఖరి పాఠం వరండాలో చెప్పారు. పరీక్షలో రాదని కరస్పాండెంట్ వదిలేయమన్న భాగమే అది. మెట్ల మీద కూర్చున్నది కొద్దిమందిమే. విమానం వచ్చినప్పుడల్లా సుద్దముక్క లేచింది. వాక్యం మాత్రం ఒక్కటీ సగంలో మిగల్లేదు. తర్వాత మేడం పాతబస్తీలో ఇంటి దగ్గరే పిల్లలకు పాఠాలు చెబుతున్నారని విన్నాను. నేను ఎం.ఎస్సీ. చదివాను. ఆ వరండా లేకపోతే చదివేదాన్ని కాదు.

డెమోకు తేలికైన పాఠం ఎంచుకొమ్మని ఆ జూనియర్ కాలేజీ వాళ్లు ఫోనులో చెప్పారు. నేను ఈ కాయ మాగే పాఠాన్నే ఎంచుకున్నాను. మా ఆయన వచ్చే ఏడాది చూద్దామంటాడు. అత్తమ్మ "పిల్ల ఇంక పాలు మరువలే," అంటుంది. వాళ్లిద్దరి కంటే గట్టిగా అరిచేది నా లోపలి నోరే. పాపకు జ్వరమొస్తే? పాలు గొంతుకు అడ్డం పడితే? లేచి నా కోసం వెతికితే? ఆ నోరే పాప పుట్టినప్పటి నుంచి నన్ను మెలకువగా ఉంచి బిడ్డను కాచింది. దాన్ని తప్పుపట్టను. కానీ ఎల్లకాలం దాని మాటే వినను.

డ్రమ్ము మూత వేసి ముందుగదిలోకి వెళ్లాను. "అత్తమ్మా, రేపు పొద్దున కాలేజీకి పోతున్న. పాలు తీసి పెట్టి పోత. మధ్యాహ్నానికి వస్త," అన్నాను. పోవచ్చా అని అడగలేదు.

అత్తమ్మ పాపను ఒళ్లోకి తీసుకుంది. సరే అనలేదు. ఒద్దు అని కూడా అనలేదు. పాప చేతిలోని గిలక్కాయ తీసుకుని ఆడించసాగింది. నాకు అది చాలు. పొమ్మని ఎవరో చెప్పాల్సిన పని లేదని మేడం బొమ్మ గీసి మరీ చూపించారు.

రాత్రి కూర్చుని ఇదంతా రాస్తుండగా పాప లేచింది. పాలిచ్చి, జోకొట్టి వచ్చి, ఆగిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టాను. రేపు ఆ క్లాసులో పాప ఏడుపు గుర్తొచ్చి నా గొంతు ఆగితే ఆగనీ. సుద్దముక్క ఎత్తి పట్టుకుని నిలబడతాను. అది విమానమే, పోతుంది. వాక్యం నాది.