గెడకర్రలు లాక్కున్న రోజు

కొత్తపేట దగ్గర గోదావరి పాయ ఒడ్డుకి మా ట్రక్కు ఉదయం ఆరూ నలభైకి చేరింది. ఆర్మీ వాళ్లం, వరద డ్యూటీ. సన్నటి వాన, మోకాలి లోతు బురద. మేం పన్నెండు మందిమి, మాతో రెండు రబ్బరు బోట్లు. మాది ఆ పక్కనే రామచంద్రపురం కాబట్టి జనంతో మాట్లాడే పని నాకు పడింది.

తొమ్మిదికల్లా ఎదుటి లంక ఖాళీ చేయించాం. కానీ కోళ్లున్నాయని ఒకరు, బియ్యం మరిచామని ఒకరు మళ్లీ నావలెక్కేస్తున్నారు. తొమ్మిదీ ఇరవైకి వైర్‌లెస్‌లో కెప్టెన్ గారు అరిచారు.

"క్రాక్ డౌన్! ఇక ఎవరూ దాటకూడదు. ఓవర్."

పేపర్లో "ఉక్కుపాదం మోపారు" అని చదువుతాం కదా, అదే ఈ మాట. నచ్చజెప్పడం అయిపోయింది, ఇక ఎవరినీ వదలొద్దని. దొంగసారా మీద వాడతారు, ఇసుక లారీల మీద వాడతారు. ఆ రోజు మేం నావల మీద వాడాం. రేవులోని ఏడు నావల్నీ తోసే గెడకర్రలు గుంజుకుని, ట్రక్కులో వేసి శిబిరం పెట్టిన స్కూలు దగ్గరికి పంపించేద్దామన్నాను. ఈ తెలివి నాదే. కెప్టెన్ శెభాష్ అంటే పొంగిపోయాను కూడా.

శేషమ్మ అనే ఆవిడ మాత్రం తన కర్ర వదల్లేదు.

"మా ఆయన్ని ఇందాకే అవతల దింపొచ్చేనండి. గేదెల్ని విప్పేసొస్తానన్నారండి. నేనెళ్లి తెచ్చుకోవాలండి బాబూ."

"అందరూ ఏదో ఒకటి చెబుతున్నారమ్మా. ఇలా ఇవ్వండి."

"ఆయ్, నిజవేనండి. నాది మటుకు అబద్ధం కాదండి."

లాక్కున్నాను.

పదీ పదికి అవతలి గట్టు మీద ఎర్ర తువ్వాలు ఊగింది. ఆవిడ భర్తే. మా బోట్లు రెండూ పక్క లంకకి వెళ్లాయి.

"ఇక్కడ మనిషి చిక్కుకున్నాడు. బోటు రావడానికెంతసేపు?" వైర్‌లెస్‌లో అడిగాను.

"నలభై నిమిషాలు. ఓవర్."

కర్రలున్న ట్రక్కు దారిలో నీళ్లకి ఆగిపోయింది. ఏడు నావలు మా కాళ్ల దగ్గరే ఊగుతున్నాయి, తోయడానికి కర్ర లేదు. ఆయన నిలబడ్డ గట్టు మా కళ్ల ముందే విరిగి, ఆయనతో సహా నీళ్లలో పడింది. నేను దూకబోతే ఇద్దరు జవాన్లు నన్ను గట్టిగా పట్టుకున్నారు. బోటు వచ్చి రెండు గంటలు వెతికింది. మనిషి దొరకలేదు.

తొమ్మిదో రోజు యూనిట్‌కి తిరిగొచ్చాం. ఆర్డర్ అమలు చేశావు, నీ తప్పేం లేదన్నారు కెప్టెన్. తప్పు నాదే. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

గట్టు విరిగిన రోజు మధ్యాహ్నమే శేషమ్మ వాళ్ల గేదెలు నాలుగూ ఈదుకుంటూ వచ్చి రేవు ఎక్కాయి. శేషమ్మ ఒక్కోదాని మెడా తడిమి చూసింది. ఏ మెడలోనూ కట్టేసే పలుపుతాడు లేదు.

"అన్నింటినీ విప్పేసేరండి," అంది నాతో.