ఖాజా అన్న పాటలో ఖాజా అన్న గొంతు లేదు

రాజేందర్ అన్నా, ఖాజా అన్న పాటలోంచి ఖాజా అన్న గొంతు తీసేసింది నువ్వు.

మిగతాదంతా తర్వాత. ముందు ఈ మాట నలుగురికీ తెలియాలి.

నిన్న పొద్దున దేవరుప్పులలో బస్సు కోసం నిలబడి ఫోన్ తీశాను. నీ స్టేటస్‌లో ఖాజా అన్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో. కింద 'మా బ్యాండ్ ప్రాణం' అని రాశావు.

వెనక పాట వస్తోంది. ట్యూన్ ఖాజా అన్నది. బేస్ గిటార్ అన్నది. గొంతు ఎవరిదో.

అన్న చనిపోయాడని నాకు తెలిసింది అట్లా.

బస్సు వచ్చింది, పోయింది. నేను అక్కడే నిలబడ్డాను.

గుండెనొప్పట. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఖాజా అన్నకు జనగామలో మోటర్ వైండింగ్ షాపు. సాయంత్రం షట్టర్ సగం దించితే అదే మా ప్రాక్టీస్ రూమ్. అన్నది పాట, బేస్. రాజేందర్‌ది లీడ్ గిటార్. నాది డ్రమ్స్.

ఒకసారి భూపాలపల్లిలో మెమరీ కార్డు నింపించుకుంటే అందులో స్పానిష్ రాక్ పాటలు వచ్చాయి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కాయిల్ చుడుతూ చుడుతూ అన్న అవన్నీ కంఠతా పట్టాడు. బేస్ కూడా వాటిని వింటూనే నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి ఏ కాలేజీ ఫంక్షన్‌కు పిలిచినా స్పానిషే పాడాడు. 'స్పానిష్ ఖాజా' అంటే మూడు జిల్లాల్లో తెలుసు.

సొంత పాటలు మాత్రం దక్కనీ ఉర్దూలో రాసుకున్నాడు. ఇంట్లో అమ్మీతో మాట్లాడే భాషలో.

మహబూబాబాద్‌లో మొదటిసారి దక్కనీ పాట ఎత్తుకున్నాడు. అమ్మీ నల్లా దగ్గర నీళ్ల కోసం లైన్లో నిలబడే పాట. రెండో లైన్‌కే హాలంతా నవ్వులు. సినిమాల్లో దక్కనీ వినబడితే కామెడీయే కదా, అలవాటైపోయింది.

అన్న ఆపేశాడు. అదే ట్యూన్‌లో నోటికొచ్చిన స్పానిష్ మాటలు కలిపి పాడాడు. ఈలలు, చప్పట్లు.

అప్పుడు మైక్‌లో మెల్లగా అన్నాడు. "గిది ఒక్క ముక్క సమజ్ కాలే, చప్పట్లు కొట్టిండ్రు. గది మొత్తం సమజ్ అయింది, నవ్విండ్రు. జర సోచాయించుండ్రి."

మళ్లీ మొదటినుంచి దక్కనీలోనే పాడాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

భాషాధిపత్యం గురించి నేను చదివిన కరపత్రాలన్నీ ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి. ఆ సంగతి చెబితే అన్న నవ్వాడు. "తమ్మీ, నీ కరపత్రాల మాటలకు ట్యూన్ కట్టాలంటే నా వేళ్లు విరుగుతయ్."

బ్యాండ్‌లో మాకొక పద్ధతి ఉండేది. స్పీకర్ మీద చాయ్ గ్లాసు పెట్టేవాడు అన్న. బేస్ కొడితే చాయ్‌లో సన్నగా అలలు రావాలి. ముగ్గురం వంగి చూసి, ముగ్గురం సరే అంటేనే పాట ఓకే. ఒక్కరు కాదన్నా ఆ పాట షట్టర్ దాటదు.

రికార్డింగ్‌లన్నీ రాజేందర్ ల్యాప్‌టాప్‌లో ఉండేవి. గొంతు విడిగా, బేస్ విడిగా. నమ్మకం కదా మరి.

ఆ నల్లా పాటను, మా ఇద్దరినీ అడగకుండా, ఒక యూట్యూబ్ ఛానల్‌కు ఇచ్చేశాడు. దక్కనీ తీసేసి తెలుగులో లవ్ సాంగ్ చేశారు. ఎవరితోనో పాడించారు. బేస్ మాత్రం ఉంచుకున్నారు, అట్లా వాయించేవాళ్లు దొరకలేదేమో.

దక్కనీలో ఒకే ఒక్క లైన్ వదిలారు. 'నల్లా బంద్ హో గయా, ఘడా ఖాలీచ్ హై.' నల్లా ఆగింది, బిందె ఇంకా ఖాళీయే అని. అది అమ్మీ మాట, అమ్మీ గొంతు. అన్న ఫోన్‌లో రికార్డు చేసి పాటలో కలిపాడు.

దాని తర్వాత నవ్వుల సౌండ్ పెట్టారు.

నా తప్పూ ఉంది. 'మన పాట రిలీజ్' అని రాజేందర్ లింక్ పంపితే ఆ సంబరంలో నాకున్న వాట్సాప్ గ్రూపులన్నింటికీ పంపాను.

మరునాడు అన్న ఒక్కటే అడిగాడు. "తమ్మీ, విన్నంక పంపినవా, వినకముందా?"

ఆ రోజు నుంచి అన్న బేస్ ముట్టలేదు. స్పీకర్ మీద గ్లాసు పెట్టలేదు.

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చి ఇంటికి వెళ్లాం. అమ్మీ నన్ను పక్కకు పిలిచింది. "బేటా, గా పాటల నేను మాట్లాడంగనే ఎవరో నవ్వుతరు. వాళ్లెవరు?"

కంప్యూటర్‌లోది అమ్మీ, మనుషులు కాదు అన్నాను. నమ్మలేదు. నేనైనా నమ్మను.

శుక్రవారం ఫంక్షన్ హాల్లో రాజేందర్ సంతాప సభ పెడుతున్నాడు. అక్కడ వేసేది ఆ పాటే. అన్నను సాగనంపేటప్పుడు కూడా ఇంకొకరి గొంతేనా?

ప్రాక్టీస్‌లో అన్న పాడిన అసలు పాట నా ఫోన్‌లో ఉంది. అందరికీ వినిపించనా అని అమ్మీని అడిగాను. "ఇంట్ల వద్దు బేటా. దుకాణం కాడ వినిపించు. నేను కూడ వస్త, ఎవరు నవ్వుతరో చూస్త" అంది.

రాజేందర్ అన్నా, నువ్వూ రావచ్చు. అమ్మీ ముందు నిలబడి విను.

మిగతావాళ్లు షాపు దగ్గరికి రండి. షట్టర్ ఈసారి పూర్తిగా ఎత్తుతాం. స్పీకర్ మీద చాయ్ గ్లాసు ఉంటుంది.

ఖుదా హాఫిజ్, ఖాజా అన్నా. నిమ్మళంగా పడుకో. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు నీ పాట నీ గొంతుతోనే వింటాం.