మిల్లీగ్రాముల కాపురం

రాయలసీమ వాళ్ల మీద వేయడానికి మా ఆఫీసులో ఒక జోకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేను ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నానని తెలిసిన రోజు మా టీమ్‌కి పండగే అయింది. "తూటాలు ఇంట్లోనే నింపుకుంటారా మేడం? మీ వైపు అలవాటే కదండీ!" అన్నాడు భీమవరం నుంచి వచ్చిన కుర్రాడు. "అవును, మా ఆయన నింపుతాడు, ఆదివారం రా, చూపిస్తా," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. నేను చెప్పింది దాదాపు నిజమేనని వాళ్లకు తెలియదు.

అసలు తుపాకీ తూటాలను ఇంట్లో నింపుకోవడం మనలాంటి వాళ్ల వల్ల అయ్యే పని కాదు, సర్కారు అంత తేలిగ్గా ఒప్పుకోదు కూడా. నాది గాలి పిస్టల్. గొట్టం కింద చిన్న సిలిండర్ ఉంటుంది, అందులో గట్టిగా కుక్కిన గాలి. ఆ గాలి బఠాణీ గింజ కన్నా చిన్నదైన సీసపు గుండును తోస్తుంది, అది పది మీటర్ల దూరంలోని అట్టకు తగులుతుంది. కాబట్టి నాకు అయిపోయేవి రెండే: గాలి, గుళ్లు. రెండింటికీ రెండు దారులున్నాయి. గాలిని షూటింగ్ రేంజ్‌లో డబ్బిచ్చి నింపించుకోవచ్చు, లేదా ఇంట్లో చేతి పంపుతో నడుం విరిగేలా కొట్టుకోవచ్చు. గుళ్లయితే విదేశీ డబ్బా కొనుక్కోవచ్చు, లేదా దాని ధరకు మూడొచ్చే మన దేశపు డబ్బాలు తెచ్చి, మంచివీ చెడ్డవీ మనమే ఏరుకోవచ్చు.

నేను నలభై దాటాక ఈ ఆటలోకి దిగాను. తెల్లాపూర్‌లో మేముండే గేటెడ్ కమ్యూనిటీలో నా వయసు ఆడవాళ్లకు జుంబా ఉంది, యోగా ఉంది. ఎగరమంటే నాకు సిగ్గు, కళ్లు మూసుకొమ్మంటే నిద్ర. కదలకుండా నిలబడి ఒక్క చేయి చాపితే చాలని ఎవరో చెప్పగానే, ఇదీ నాకు తగిన ఆట అనుకున్నాను. అంత కష్టమైన పని ఇంకోటి లేదని వారం తిరక్కుండానే తెలిసొచ్చింది.

మా ఆయన ఇందులోకి నాలుగు నెలల కిందట వచ్చాడు. ఇంజినీరింగ్‌లో ఇద్దరిదీ ఒకే క్లాసు, అందుకే మా మధ్య మీరు గీరు లేదు. పదిహేడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాడు. అంటే ఒకరు చేసిన దాంట్లో తప్పులు వెతకడం, దానికి జీతం తీసుకోవడం. ఒక మంగళవారం పొద్దున ఇరవై నిమిషాల కాల్ ఒకటి పెట్టి, ఇక రావక్కర్లేదని చెప్పేశారు. ల్యాప్‌టాప్ తీసుకుపోవడానికి వచ్చిన కొరియర్ అబ్బాయికి ఈయనే మజ్జిగ ఇచ్చి పంపాడు.

ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రొద్దుటూరులో ఉన్న వాళ్లన్న దాకా అందరికీ ఒకటే మాట, "వర్క్ ఫ్రమ్ హోమ్." రోజూ తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చునేవాడు. ఎదురుగా ఏమీ ఉండేది కాదు. ఆయన కింద పని నేర్చుకున్న వాళ్లు నానక్‌రామ్‌గూడ ఐటీ టవర్లలో అంతస్తుకొకరు ఉన్నారు, ఒక్క ఫోన్ చేస్తే పరిగెత్తుకొస్తారు. కానీ ఫోన్ చేయాలంటే ముందు "నన్ను తీసేశారు" అని చెప్పాలి. ఆ మాట ఆయన నోట రాదు. ఎవరైనా ఫోన్ చేస్తే బల్ల మీద బోర్లా పెట్టేసేవాడు. నా జీతంతో ఇల్లు గడుస్తోంది, డబ్బు గురించి నాకంత దిగులు లేదు. మనిషి ఆ మాట చెప్పలేక లోపల్లోపలే అయిపోతాడేమోనని మాత్రం చచ్చేంత భయం వేసేది.

అలాంటి ఒక సాయంత్రం నేను డబ్బా తెరిచి గుళ్లు సర్దుకుంటుంటే, ఒకటి చేతిలోకి తీసుకుని దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఈ గుండు అడుగుభాగం పావడాలా వెడల్పుగా, డొల్లగా ఉంటుంది.

"ఏమే, దీని పావడా వంకర పోయింది చూడు," అన్నాడు.

"పోతే పోయిందిలే. ఐదొందలుంటాయి, అన్నీ చూస్తామా?"

"చూడకుండానే కాలుస్తున్నావా ఇన్నాళ్లూ?" అన్నాడు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. పదిహేడేళ్ల టెస్టర్ మరి.

మూడో రోజుకల్లా బంగారం తూచే చిన్న కాటా దిగింది, మిల్లీగ్రాముల దాకా చూపించేది. అది సీసం కదా, అన్నం తినే బల్ల మీద వద్దని నేను గొడవపడితే, బాల్కనీలో ఇస్త్రీ బల్ల మీద పెట్టుకున్నాడు. తెల్ల పళ్లెంలో గుళ్లు పోసి, పావడా నలిగిపోయినవి చెత్తలోకి. మిగిలినవి ఒక్కొక్కటీ చిమటాతో పట్టి కాటా మీద పెట్టడం. ఐదొందల ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది మిల్లీగ్రాముల మధ్య తూగితే మ్యాచ్ డబ్బాలోకి, అటూ ఇటూ అయినవి, కొంచెం వంకర ఉన్నవి ప్రాక్టీస్ డబ్బాలోకి. రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయని నా బొట్టు బిళ్లలు తీసుకుని, మ్యాచ్ డబ్బా మూతకు ఎర్రది, ప్రాక్టీస్ డబ్బా మూతకు పచ్చది అంటించాడు. పక్కన బొరుగుల గిన్నె పెట్టుకుని అదే చేత్తో తినబోతే నేను గిన్నె లాగేసుకునేదాన్ని. గాలి కొట్టడం కూడా ఆయనే మొదలుపెట్టాడు. పంపు మీద ఒళ్లంతా వేసి దిగుతుంటే కింది ఫ్లాట్ ఆవిడ ఒకరోజు పైకొచ్చి, రోలేమైనా కొన్నారా అని అడిగి వెళ్లింది.

నేను ఆఫీసు బస్సు దిగి వచ్చేసరికి కాటా సిద్ధంగా ఉండేది. ఆయన తూచేవాడు, నేను పావడాలు చూసేదాన్ని. మధ్యలో ఏవేవో మాట్లాడుకునేవాళ్లం, కాలేజీలో ఎవరు ఎవర్ని ప్రేమించారు, ఎవరి చెప్పులు ఎవరు దాచారు, ఇలాంటివి. ఉద్యోగం మాట మాత్రం రానిచ్చేవాడు కాదు. ఇరవై ఏళ్ల కాపురంలో రోజుకు గంటసేపు ఎదురెదురుగా కూర్చున్నది అప్పుడే.

మా కోచ్ పుట్టి పెరిగింది నానక్‌రామ్‌గూడలోనే, టవర్లు లేచినదంతా కళ్లారా చూసిన మనిషి. ఎర్ర బొట్టు డబ్బా గొప్పగా ఆయన ముందు పెట్టి, ఇది ఎలా తయారైందో చెప్పాను. ఆయన డబ్బా వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు.

"ఏందక్కా గిది? నీ చెయ్యే గింత ఊగుతది. ఒక్క మిల్లీగ్రాముతోని ఏమైతదక్కా? పెద్ద పెద్ద ప్లేయర్లకైతే ఏమో గని, మనకు గదంతా దండగ. గా టైమ్‌ల జర పండుకో, చెయ్యి నిమ్మళమైతది."

ఈ మాట నేను ఇంటికి మోసుకుపోలేదు. ఇంట్లో ఒక ఎక్సెల్ షీటు ఉంది, మేమెంత మిగిల్చామో చూపించేది. అందులో కాటా ధర ఉంది, పంపు ధర ఉంది, ఆయన గంటలకు మాత్రం గడి లేదు. పాత జీతం లెక్కన ఆ గంటలకు ఖరీదు కడితే, మా ఒక్కో గుండు వెండి గుండు అయ్యేది. కానీ ఆ గంటలకు జీతమిచ్చే వాడెవడూ లేడు కదా. ఆ గడి పెట్టమని అడిగేంత రాయిని కాదు నేను.

రాష్ట్ర స్థాయి పోటీ వచ్చింది. పై పోటీకి వెళ్లాలంటే కనీసం ఇంత స్కోరు రావాలని ఒక గీత ఉంటుంది. అంతకు ముందు సారి మూడు పాయింట్ల తేడాతో ఆ గీత కిందే ఆగిపోయాను. ఈసారి ఆయన నాలుగు రోజులు కూర్చుని వంద గుళ్లు ప్రత్యేకంగా ఏరి, ఒక్కోదాన్నీ రెండేసి సార్లు తూచాడు. "ఈ ఒక్క పనన్నా తప్పు లేకుండా చేస్తా," అన్నాడు. రేంజ్‌కి రమ్మంటే మాత్రం రానన్నాడు. అక్కడందరూ ఐటీ వాళ్లే, ఏ కంపెనీ అని అడుగుతారు.

రేంజ్ ఊరికి అవతలి కొసన ఉంది. నా వంతు వచ్చింది, నిలబడ్డాను, ఎర్ర బొట్టు మూత తీశాను. పైనే ఒక గుండు, పావడా కొద్దిగా వంకర. దాని పక్కది కూడా అంతే. మా ఆయన వంద ఏళ్లు బతికినా అలాంటిదాన్ని మ్యాచ్ డబ్బాలో వేయడు. అప్పుడు గుర్తొచ్చింది. ముందు రోజు సాయంత్రం రెండు డబ్బాలూ తెరిచి ఉండగా గేటు నుంచి ఇంటర్‌కామ్ మోగింది, నేనే హడావుడిగా మూతలు పెట్టి పరిగెత్తాను. బొట్లు మూతల మీద ఉన్నాయి, డబ్బాల మీద కాదు. దీని మూత దానికి, దాని మూత దీనికి. ఆయన నాలుగు రోజుల కష్టం పచ్చ బొట్టు పెట్టుకుని తెల్లాపూర్‌లో కూర్చుంది.

ముందు ఏడుపొచ్చింది. తర్వాత కోపం, అది కూడా ఎవరి మీద పడాలో తెలియని కోపం. చేతిలో ఉన్నవి తీసేసిన గుళ్లు, ముందున్నది గంటం పావు, అరవై షాట్లు. పక్క లేన్ అమ్మాయిని మంచి గుళ్లు అడుగుదామా అనుకుని, సిగ్గేసి మానేశాను. ఇక స్కోరు రాదని మనసులో రాసేసుకున్నాక భుజం దానంతట అదే కిందికి దిగింది. ఒకటి పెట్టడం, పేల్చడం, ఒకటి పెట్టడం, పేల్చడం. బాగా పడ్డవి పడ్డాయి, పోయినవి పోయాయి. ఆఖర్న తెర మీద చూస్తే గీతకు రెండు పాయింట్లు పైనున్నాను. కోచ్ వచ్చి వీపు మీద ఒకటి చరిచి, "మస్తు కొట్టినవక్కా!" అన్నాడు.

ఇంటికి వచ్చే క్యాబ్‌లో నాకు సంతోషం కన్నా గాభరా ఎక్కువైంది. నిజం చెబితే ఏమవుతుంది? తూచి, ఏరి, రెండేసి సార్లు చూసిన పనికి విలువ సున్నా అని నేనే చెప్పినట్టవుతుంది. ఈ నాలుగు నెలల్లో ఆయన నమ్ముకున్నది అదొక్కటే. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కేసరికి అబద్ధమే చెబుదామని తేల్చుకున్నాను.

తలుపు తీసేసరికి బొరుగుల ఉగ్గాణి వాసన. "ఏమైంది?" అన్నాడు గరిటె చేతిలోనే పట్టుకుని.

"రెండు పాయింట్లు పైన! అంతా నీ గుళ్ల చలవే," అన్నాను.

ఆ ముఖం చూడాలి. ఎన్నాళ్లకో చూశాను ఆ ముఖం. గరిటె నా చేతికిచ్చేసి, ఎన్ని మిగిలాయో చూస్తానని నా సంచిలోంచి డబ్బా తీసుకుని బాల్కనీలోకి వెళ్లాడు. మొగుడు టెస్టరైతే పెళ్లానికి అబద్ధాలాడే సౌకర్యం ఉండదు. ఐదు నిమిషాల తర్వాత రెండు డబ్బాలూ పట్టుకుని లోపలికొచ్చాడు.

"పచ్చ మూత కింద వందకు వందా ఉన్నాయే. ఒక్కటీ కాల్చలేదు నువ్వు."

"మూతలు నేనే మార్చి పెట్టినా. అక్కడికి పోయినాక తెలిసింది."

"మరి నా గుళ్లు గెలిపించినాయని ఎందుకు చెప్పినావు? నాతో ఎందుకు అబద్ధమాడినావు?"

తప్పు నాదే, ఒప్పుకుంటే పోయేది. కానీ నా నోరు ఎప్పుడూ నా మాట వినదు. "నువ్వు నాలుగు నెలల నుంచీ ఊరందరికీ చెప్తున్నావు కదా, దానికన్నా పెద్దదా నాది?" అనేశాను.

అనేశాక నాలుక కొరుక్కున్నాను. ఆయన రెండు డబ్బాలూ బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అన్నం తినే బల్ల మీద పెట్టాడని కూడా నేను గొడవపడలేదు.

ఎర్ర మూత తీసి ఒక గుండు చేతిలోకి తీసుకుని అడిగాడు. "తీసేసినవాటితోనే కొట్టినావా? అరవైకి అరవై?"

"అరవైకి అరవై. తగలనివి నా చేతి తప్పు. గుళ్లలో ఏ లోపమూ లేదప్పా."

"ఒక్క మిల్లీగ్రాము తేడాకే తీసి పక్కన పెట్టినా నేను వాటిని," అన్నాడు. గుండును బల్ల మీద పెట్టి, "నన్ను కూడా అట్లే తీసినారేమో మే," అన్నాడు.

నేను పోయి పక్కన కూర్చున్నాను. ఆయన మ్యాచ్ డబ్బాను ఎత్తి మిగిలిన ప్రాక్టీస్ గుళ్లలోకి గలగలా వంచేశాడు. నాలుగు రోజుల పని ఒక్క క్షణంలో కలిసిపోయింది. తర్వాత బోర్లా ఉన్న ఫోన్ తిప్పి, పేర్లు వెతికి, ఒక దాని దగ్గర ఆగాడు. నానక్‌రామ్‌గూడలో వేరే కంపెనీలో పెద్ద పొజిషన్‌లో ఉన్న ఆయన పాత మేనేజర్ పేరు అది. నా ముందే నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, బాగున్నావా? ... లేదన్నా, ఆఫీసులో లేను. నన్ను తీసేసినారు. నాలుగు నెలలైంది. ఎవరికీ చెప్పలేదన్నా, నీకే మొదలు చెప్తాండా."